అప్‌డేట్: సోమవారం కూడా దేవుడు నాతోనే

ఆదివారం ఆరాధనలో దేవుని ప్రేమ తెలుస్తుంది, సోమవారం పని టెన్షన్‌లో ఆయన్నే మర్చిపోతున్నాను, ఏం చేయాలని మూడు నెలల క్రితం అడిగాను. చాలామంది ప్రార్థన సమయం పెంచమన్నారు. అది నాకు కుదరలేదు. ఒకరు మాత్రం 17వ శతాబ్దంలో పారిస్ మఠం వంటగదిలో పనిచేసిన బ్రదర్ లారెన్స్ గురించి చెప్పారు. ఆయన పని మధ్యలోనే దేవునితో మాట్లాడేవారట.

నేనూ మొదలుపెట్టాను. ఫోన్ ఎత్తేముందు, మెట్లెక్కుతూ, "ప్రభువా, నీవు నాతో ఉన్నావు" అని ఒక్క మాట. రెండు వారాలు ఏమీ అనిపించలేదు. అప్పుడు నన్ను నిలబెట్టింది బైబిల్లోని రోమా పత్రిక 8:38-39. క్రీస్తులోని దేవుని ప్రేమనుంచి మనల్ని ఏదీ వేరు చేయలేదని పౌలు రాశాడు. నాకు అనిపించనంత మాత్రాన ఆ ప్రేమ లేకుండా పోదు కదా!

మొన్న పనిలో మాటపడి ఏడుపొచ్చింది. నాకు తెలియకుండానే ఆ ఒక్క మాట నోటికొచ్చింది.