ఫార్మింగ్ సిమ్యులేటర్ 25: పీసీ మీదా, కన్సోల్ మీదా? ముగ్గురం కలిసి ఆడాలి

కొత్తచాలు
ఈ సేద్యం ఆటలో ముగ్గురం కలిసి ఒకే పొలం నడపాలనుకుంటున్నాం. మిగతా ఇద్దరికీ ప్లేస్టేషన్ 5 ఉంది, వాళ్ళు దాన్ని వదలరు. నా దగ్గర ల్యాప్‌టాప్ ఉంది: 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ. ఆట దీని మీదకే కొననా, లేక నేనూ పీఎస్ 5 తీసుకోనా? మోడ్లు (ఆటకు విడిగా తగిలించుకునే అదనపు సరుకు) ఉంటే బాగుంటుంది, లేకపోయినా ఆడగలను.

గొర్రు_గుంటక
పీసీ. ఇందులో ఆలోచించడానికేముంది?

కన్సోల్‌లో మోడ్ అంటే ఆటలోని మోడ్‌హబ్‌లో ఆట తయారుచేసే జెయింట్స్ వాళ్ళు పరీక్షించి పెట్టినవే. స్క్రిప్టు, అంటే సొంత ప్రోగ్రామ్ కోడ్, ఉన్న మోడ్ అక్కడికి రాదు. ట్రాక్టర్లు, షెడ్లు, మ్యాపులు వస్తాయి, ఆట నడిచే తీరును మార్చేవి మాత్రం రావు. కోర్స్‌ప్లే, ఆటోడ్రైవ్ అనే స్క్రిప్టు మోడ్లు లేకుండా పెద్ద పొలం ఎలా చేస్తావు? కోర్స్‌ప్లే మడి అంచు చూసుకుని ముందు చుట్టు సాళ్ళు వేసి, తరవాత నడిమధ్య సాళ్ళు గీస్తుంది. కోతమిషను నిండితే ఆటోడ్రైవ్ ట్రాలీని పంపి గింజలు అమ్మే చోటికి చేరుస్తుంది. ఆటతో వచ్చే కూలీ, అదే హెచ్ నొక్కితే వచ్చేవాడు, వంకర మడిలో మూలలు వదిలేస్తాడు. ఆ మూలలు మళ్ళీ నువ్వే దిగి కొయ్యాలి.

పీసీలో మోడ్ పెట్టడం కూడా కష్టం కాదు. డాక్యుమెంట్స్‌లో మై గేమ్స్, దాంట్లో ఫార్మింగ్ సిమ్యులేటర్ 2025, దాంట్లో మోడ్స్ ఫోల్డరు. జిప్ ఫైలును విప్పకుండా అలాగే అందులో వెయ్యి. ఒకే మోడ్ రెండోసారి దించుకుంటే పేరు చివర బ్రాకెట్లో 1 చేరుతుంది, ఆ పేరుతో ఆట దాన్ని ఒప్పుకోదు. పేరు సరిచేస్తే సరిపోతుంది. దీని ముందు ఆట 22కి చేసిన మోడ్లు 25లో పనిచెయ్యవు, వాటి కోసం టైం పాడుచేసుకోవద్దు. ఏదైనా తేడా వస్తే పక్కనే ఉన్న లాగ్ ఫైలు తెరువు, ఏ మోడ్ దగ్గర ఆగిందో అందులో రాసి ఉంటుంది.

రేగడి
ఇంత రాశారు గానీ ఆయన అడిగింది చదవలేదు. మిగతా ఇద్దరూ పీఎస్ 5 మీద ఉన్నారు. వాళ్ళతో కలవాలంటే గేమ్ పెట్టేటప్పుడు క్రాస్‌ప్లే, అంటే పీసీ వాళ్ళూ కన్సోల్ వాళ్ళూ కలిసి ఆడే వీలు, ఆన్ చెయ్యాలి. ఆన్ చేశాక పీసీకీ, కన్సోళ్ళకూ అన్నిటికీ దొరికే మోడ్లే చెల్లుతాయి. మీ కోర్స్‌ప్లే అక్కడే పోయింది. స్లాట్లు, అంటే పొలంలో ఎన్ని వస్తువులు ఉండొచ్చో ఆట పెట్టిన హద్దు, కూడా లెక్కలోకి వస్తాయి: ఆటలో ఎవరు ఏ ట్రాక్టర్, పనిముట్టు కొన్నా స్లాట్లు ఖర్చవుతాయి, నిండాయంటే పీసీ వాడికీ కొత్త ట్రాక్టర్ రాదు. అలాంటప్పుడు పీసీ కొని ఆయనకు కలిసొచ్చేదేంటి?

పైగా 8 జీబీ, 1050 టీఐ అంటే ఆ ఆటకు కనీస అర్హత. తెరుచుకుంటుంది, అంతవరకే. కోతల టైంలో మూడు యంత్రాలు ఒకే మడిలో దిగితే నత్తనడకే.

బొంగరం
స్విచ్ కొనెయ్ బ్రో. మంచం మీద పడుకుని దున్నుకోవచ్చు.

పచ్చగడ్డి
@బొంగరం స్విచ్‌లో 25 రాలేదు. అందులో దొరికేది ఈ వరసలోనే వేరే ఆట, 25 సేవ్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచిన ఫైళ్ళు) అందులో తెరుచుకోదు. ఆయన్ని తికమక పెట్టకండి.

స్టీరింగ్_పిచ్చి
స్టీరింగ్ సంగతి ఎవరూ ఎత్తలేదే! లాజిటెక్ జీ29 ప్లేస్టేషన్‌కూ పీసీకీ పనిచేస్తుంది. జీ920 ఎక్స్‌బాక్స్‌కూ పీసీకీ. జీ923 రెండు రకాలుగా వస్తుంది, డబ్బా మీద ఏ కన్సోల్ పేరుందో చూసి కొనాలి. జీ29ని ఎక్స్‌బాక్స్‌కు తగిలిస్తే చక్రం తిరుగుతుంది, ట్రాక్టర్ తిరగదు.

రేగడి
@స్టీరింగ్_పిచ్చి ఆయన స్టీరింగ్ అడగలేదండీ.

స్టీరింగ్_పిచ్చి
అడగకపోయినా చెప్పాలి. ప్లాట్‌ఫారం మార్చాక స్టీరింగ్ పనికిరాకుండా పోతే ఎవరిది బాధ్యత? కీబోర్డ్ మీద డబ్ల్యూ నొక్కితే ఫుల్ యాక్సిలరేటరే, సగం నొక్కడమన్నది లేదు. ట్రాలీ వెనక్కి పెట్టేటప్పుడు తెలుస్తుంది బాధ.

గొర్రు_గుంటక
దానికి 3 నొక్కితే క్రూజ్ (ఒకే వేగంతో నడిపేది) వస్తుంది, వేగం 1, 2తో మార్చుకో. లేదా ఏ కన్సోల్ ప్యాడైనా పీసీకి తగిలించు. క్యూ పనిముట్టు తగిలించడానికి, వి దించడానికి, బి ఆన్ చెయ్యడానికి, ఎక్స్ మడవడానికి: కీబోర్డ్‌లో ఒక్కో పనికీ ఒక్కో మీట. కన్సోల్‌లో భుజం బటన్ పట్టుకుని ఇంకోటి నొక్కాలి, ముందు గొర్రు దించబోయి వెనక గొర్రు లేపేస్తారు.

రేగడి
రెండు రోజుల్లో వేళ్ళకు అలవాటయ్యే విషయం అది. అసలు ప్రశ్నకు జవాబివ్వండి: క్రాస్‌ప్లేలో పీసీతో ఆయనకొచ్చే లాభం ఏంటి?

గొర్రు_గుంటక
లాభమా? ఆయన ఒక్కడూ ఆడుకునేటప్పుడు పూర్తి మోడ్లు, నలుగురితో ఆడేటప్పుడు మోడ్‌హబ్‌వి. కన్సోల్ వాడికి ఎప్పుడూ రెండోదే. కన్సోల్ వాళ్ళు ఇద్దరు చేరగానే "అది తీసెయ్, ఇది తీసెయ్" మొదలవుతుంది. ప్రతిసారీ తగ్గేది పీసీ వాడే. ఎన్నిసార్లు తగ్గాలి?

రేగడి
తగ్గడమా! మీలాంటివాళ్ళ పీసీ సర్వర్లలోనూ ఆడాను. కోతమిషను తనే కోస్తుంది, ట్రాలీ తనే వెళ్తుంది, అమ్మకం తనే జరిగిపోతుంది. చేరిన నలుగురూ షెడ్డు దగ్గర నిలబడి చోద్యం చూడాలి. ఒకసారి మడి మధ్యలో నా చేతుల్లోంచి ట్రాక్టర్ తీసుకుని "కోర్స్‌ప్లే పెట్టేస్తా, నువ్వు ఆగు" అన్నారు. నా పొలంలో నేనే అడ్డమైతే ఇంక ఆడేదేంటి?

గొర్రు_గుంటక
ఆ సర్వర్ నాది కాదు. నన్నెందుకు అంటారు?

రేగడి
మీరూ అదే చెయ్యమంటున్నారు కాబట్టి.

గొర్రు_గుంటక
సరే, లెక్క వేద్దాం. ఆటలో నెలకు ఒక రోజు, టైం మనకంటే 5 రెట్లు వేగం అనుకోండి. అంటే ఆటలో రోజు మన 4 గంటల 48 నిమిషాలు. గోధుమ కోసేది జూలై, ఆగస్టు. కనోలా అనే నూనెగింజ పంట కూడా అప్పుడే. బార్లీ జూన్, జూలై. అంటే జూలై అనే ఆ ఒక్క రోజులో మూడు పంటలూ చేతికొస్తాయి. ముగ్గురూ ప్రతి నిమిషం స్టీరింగ్ మీదే ఉండాలి. కోత కాలం దాటితే గోధుమ ఎండిపోతుంది. మోడ్ అడిగేది బద్ధకంతో కాదు.

రేగడి
నెలకు ఒకే రోజు పెట్టి పని ఎక్కువైందంటే ఎలా? సెట్టింగుల్లో నెలకు రోజులు 1 నుంచి 28 దాకా పెట్టుకోవచ్చు. 3 పెడితే జూలై, ఆగస్టు కలిపి ఆరు రోజులు. ముగ్గురికి చాలు. ఒకడు కోస్తాడు, ఒకడు ట్రాలీ, ఒకడు వెనక గడ్డి బేళ్లు చుడతాడు. దీన్నే కలిసి ఆడడం అంటారు. మీకు కావలసింది పొలం కాదు, మనిషి తాకకుండా డబ్బు పెరిగే కార్ఖానా.

గొర్రు_గుంటక
మీకు కావలసింది ఎప్పటికీ ఎదగని పొలం. ఆరు ఎకరాలు ముగ్గురు దున్నుకుంటూ కూర్చోండి.

రేగడి
కూర్చుంటాం. అందుకే కదా చేరింది.

పాలేరు
ఇద్దరూ కాసేపు ఆగితే ఒక మాట. ఇంతసేపూ ఎవరూ తాకని సంగతి: సేవ్ ఎవరి దగ్గర ఉంటుంది?

గేమ్ పెట్టినవాడి, అంటే హోస్ట్, యంత్రంలోనే. అతను ఆపేస్తే మిగతావాళ్ళూ బయటికి రావాల్సిందే. అతను ఊళ్ళో లేకపోతే పొలం లేదు. కన్సోల్ వాడు హోస్ట్ అయితే ఆ సేవ్‌ను ఇంకొకరికి ఇచ్చే దారి లేదు. పీసీ వాడు హోస్ట్ అయితే సేవ్‌గేమ్1 అనే ఫోల్డరు మొత్తం నకలు తీసి ఇంకో పీసీలో అదే చోట పెట్టుకోవచ్చు. ఇంకా పక్కన సేవ్‌గేమ్‌బ్యాకప్ ఫోల్డరులో పాత నకళ్ళు ఆట తనే దాస్తుంది, పొరపాటు జరిగితే వెనక్కి వెళ్ళొచ్చు. ముగ్గురూ విడివిడి టైముల్లో ఆడేవాళ్ళయితే డెడికేటెడ్ సర్వర్ (హోస్ట్ ఆడకపోయినా పొలం నడుస్తూ ఉండేది) పెట్టాలి, దాన్ని సొంత కంప్యూటర్లో నడపాలంటే ఆడే కాపీ కాకుండా ఇంకో కాపీ కావాలి.

కాబట్టి మోడ్లు, బటన్లు తరవాత. ముగ్గురిలో ఎక్కువసేపు ఉండేదెవరు?

గొర్రు_గుంటక
ఇదే కదా పీసీ అన్నది నేను. ఫోల్డరు గురించి మొదట్లోనే చెప్పానుగా.

పాలేరు
మీరు చెప్పింది మోడ్స్ ఫోల్డరు.

కొత్తచాలు
ఎక్కువసేపు ఉండేది నేనే. వాళ్ళిద్దరూ వారాంతంలోనే వస్తారు. అంటే హోస్ట్ నేనే కావాలి. పీసీ మీదే కొంటాను. 8 జీబీతో హోస్ట్ చెయ్యగలనా?

పాలేరు
ర్యామ్ 16 చేసుకోండి. ల్యాప్‌టాప్ అడుగు తీస్తే రెండో ర్యామ్ స్లాటు ఖాళీగా ఉందో లేదో తెలుస్తుంది. ఖాళీగా ఉంటే ఉన్నదాని వేగానికి సరిపడే ఇంకో 8 వెయ్యండి. గ్రాఫిక్స్‌లో ముందు నీడలు, దూరపు చెట్ల వివరం తగ్గించండి, ట్రాక్టర్ల అద్దాల్లో ప్రతిబింబం ఆపెయ్యండి. గడ్డి బేళ్లు మడిలో వదిలెయ్యకండి, ప్రతి బేలూ యంత్రం మీద భారమే.

డాక్యుమెంట్స్ ఫోల్డరు వన్‌డ్రైవ్‌లో ఉందేమో చూడండి. ఆట సేవ్ రాస్తుండగా అది సింక్ చెయ్యబోతే ఫైలు సగంలో ఆగుతుంది. మై గేమ్స్‌ను సింక్ నుంచి తీసెయ్యండి. అలాగే ఏ మోడ్‌నైనా తీసేసే ముందు దాని యంత్రాలు అమ్మేయండి. తీసేశాక అవి సేవ్‌లోంచి మాయమవుతాయి.

స్టీరింగ్_పిచ్చి
పీసీ అంటే జీ29 గానీ జీ920 గానీ ఏదైనా పరవాలేదు. చెప్పానుగా.

కొత్తచాలు
అర్థమైంది. ఇంకొకటి: కూలీని పెట్టే హక్కు ఆపొచ్చా? ఒక మిత్రుడికి గొర్రు గారి లక్షణాలున్నాయి.

పాలేరు
ఆపొచ్చు. పొలం మేనేజరుగా మీరే ఉండండి, ఒక్కొక్కరికీ అనుమతులు విడివిడిగా ఇవ్వొచ్చు. కూలీని పెట్టడం, యంత్రాలు అమ్మడం, కొనడం, అన్నీ వేరు వేరు.

రేగడి
మొదటి సంవత్సరం కూలీ అనుమతి ఎవరికీ ఇవ్వకండి. నెలకు 3 రోజులు.

గొర్రు_గుంటక
నెలకు 3 రోజులు సరే. కానీ దుక్కి దున్నడానికైనా కూలీని పెట్టనివ్వండి, పాపం ఆ మిత్రుడు.