మడత చాకుకి డి2 స్టీలా, ఎం390 స్టీలా?

మాది తిరుపతి. దాచుకోవడానికి ఒక మంచి మడత చాకు కొనాలనుకుంటున్నాను. ఒకే మోడల్ రెండు స్టీళ్లలో దొరుకుతోంది. డి2లో తుప్పును అడ్డుకునే క్రోమియం సుమారు 12 శాతం. పదును బాగా నిలుస్తుంది కానీ పూర్తి స్టెయిన్‌లెస్ కాదు. ఎం390లో దాదాపు 20 శాతం, తుప్పు భయం తక్కువ, ధర మాత్రం బాగా ఎక్కువ. ఇక్కడ నవంబరు వానలకి బీరువాలో బట్టలే చెమ్మగిల్లుతాయి, అదే నా టెన్షన్. వాడకం అంటారా, ఎప్పుడైనా మామిడికాయ కోస్తానేమో. (అలిపిరి చెకింగ్ దగ్గరికి తీసుకెళ్లే పని లేదులెండి!)

డి2కి అప్పుడప్పుడు మినరల్ ఆయిల్ రాస్తే సరిపోతుందా? తోలు కవర్‌లో ఉంచితే చెమ్మ పట్టి మచ్చలొస్తాయంటారు, మరి దేంట్లో పెట్టాలి? ఎం390లో వెనేడియం కార్బైడ్లు (స్టీలులో ఉండే సన్నటి రేణువులు) బాగా గట్టివి కాబట్టి మామూలు సానరాయి చాలదేమో, డైమండ్ రాయి కూడా కొనాల్సిందేనా? రెండూ వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.