అప్‌డేట్: ఉగాండా పరిచర్యకు పాత ఎల్లో ఫీవర్ కార్డే సరిపోయింది

జవాబులిచ్చిన అందరికీ వందనాలు. మా సంఘం నుంచి ఉగాండాలో మెడికల్ క్యాంపుకు వెళ్తున్నామని, మా అత్తయ్యగారి ఎల్లో ఫీవర్ టీకా కార్డు మీద పదేళ్ల గడువు దాటిపోయిందని, మళ్లీ టీకా వేయించాలా అని అడిగాను. ట్రావెల్ ఏజెంటు తప్పదన్నారు. ఆవిడకు అరవై దాటాయని మాకు టెన్షన్.

అక్కర్లేదు. హైదరాబాద్ నారాయణగూడలో ఈ టీకా వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అడగమన్న సలహానే పనిచేసింది. అక్కడి డాక్టరుగారు కార్డు చూసి, 2016 జూలై 11 నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుందని, పాత కార్డులకూ అదే వర్తిస్తుందని చెప్పారు. అరవై దాటినవాళ్లకు ఈ టీకాతో రిస్కు కాస్త ఎక్కువట. ఊరికే వేయించనందుకు దేవునికి స్తోత్రం!

కార్డు మీద పాత పాస్‌పోర్టు నంబరే ఉంది కాబట్టి ఆ పాస్‌పోర్టునూ వెంట తీసుకెళ్లాం. ఉగాండాలో దిగిన ఎంటెబ్బే ఎయిర్‌పోర్టులో ఆఫీసరు రెండూ పక్కపక్కన పెట్టి, ముద్ర మీద వేలుపెట్టి చూసి పంపేశారు. తిరిగొచ్చాక శంషాబాద్‌లోనూ కార్డు అడిగారు, చేతి బ్యాగులోనే ఉంచుకోండి. పాస్టరుగారి లెటరు మాత్రం ఎవరూ అడగలేదు.

కొత్తగా వేయించుకునేవాళ్లు ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి, ఆలోపు కార్డు చెల్లదు. మలేరియా మాత్రల సంగతి వేరు. వాటిని ఎవరూ చెక్ చేయరు గానీ, డాక్టరును అడిగి తప్పకుండా వాడండి.