పగలు పని, సాయంత్రం కుస్తీ: బరువు ఎలా దింపుతున్నారు?

ఆటోనగర్ వెల్డర్, విజయవాడ
లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగ్ చేస్తాను. ఆరు దాటాక స్నానం చేసి మ్యాట్ మీదకి వెళ్తాను. ఇప్పుడు 69 కిలోలున్నాను, వచ్చే వారం పోటీల్లో 65 కిలోల విభాగంలో దిగాలని ఉంది. షెడ్డులో ఎలాగూ చెమట కారుతుందని మూడు రోజులుగా నీళ్లు తగ్గించాను. నిన్న రాడ్ పట్టుకుంటే చేతులు వణికాయి. పని చేసుకుంటూ ఆడేవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

మిర్చి యార్డు హమాలీ, గుంటూరు
తమ్ముడూ, ముందు నీళ్లు తాగు.
నేను టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తాను, ఒక్కోటి 40 కిలోల పైమాటే. ఇంత మోస్తుంటే వేరే కసరత్తు ఎందుకనుకునేవాణ్ణి. తప్పు. మోతతో మెడ, నడుము బిగుసుకుపోతాయి. అవతలివాడు కాళ్లలోకి దూరితే చటుక్కున వంగాలి, ఆ వంగడం మనకి రాదు. అందుకే సీజన్‌లో వారానికి రెండు రోజులు, అదీ నెమ్మదిగా పట్లు వేస్తాను. గట్టి సాధన యార్డుకి వేసవి సెలవులిచ్చాకే.
ఇంకో సంగతి. ఒకసారి నా వేలు జోడీ కంట్లో తగిలి, పాపం అరగంట కుళాయి దగ్గరే కూర్చున్నాడు. ఉత్త నీళ్లకి కారం వదలదు. ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడుగుతున్నాను.

పాత తాలింఖానా, వన్‌టౌన్
బాబూ, 70లో దిగు. ఒలింపిక్స్‌లో 70 లేదని 65 పట్టుకున్నావేమో, ఆ ఆలోచన ఇప్పుడొద్దు. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్లు ఇలాగే బరువు దింపుకుంటూ చనిపోయారు, అదీ ఆరు వారాల్లోపే. గాలాడని సూట్లు వేసుకుని, వేడిలో కసరత్తు చేసి చెమట పట్టించుకున్నారు. ఈ ఎండల్లో మందపాటి చొక్కాతో, నీళ్లు లేకుండా నువ్వు చేస్తున్నదీ దాదాపు అదే. నా శిష్యుడివైతే ఇవాళే మ్యాట్ దింపేసేవాణ్ణి.

టైలర్, కొత్తపేట
బరువు సంగతి పెద్దాయన చెప్పారు, నేను చెవి గురించి చెప్తాను. దెబ్బ తగిలి చెవి ఉబ్బితే, కూలి పోతుందని పది రోజులు ఆగాను. లోపలి రక్తం గట్టిపడి ముద్దయిపోయింది. వాపు రాగానే వెళ్తే రక్తం తీసి, నొక్కి కట్టు కట్టేవారట. ఒక్క పూట పని మానుకోండి.

ఆటోనగర్ వెల్డర్, విజయవాడ
రాత్రే ఉప్పు మజ్జిగ తాగాను, పొద్దున చేతులు నిలకడగా ఉన్నాయి. 70లో పేరిచ్చేశాను. యార్డు అన్నా, ఆ నూనె కొబ్బరి నూనేనా?

మిర్చి యార్డు హమాలీ, గుంటూరు
ఇంట్లో ఏదుంటే అదే. పోటీ రోజు ఫోన్ చెయ్యి, వస్తాను.