‘గాటెన్’ రాస్తే మార్కు కొయ్యాలా?

సీతమ్మధార అమ్మ
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంగ్లీషు పరీక్షలో ‘షి హాజ్ గాటెన్ బెటర్’ అని రాసింది, ఆమెకి నయమైంది అనే అర్థంలో. టీచర్ ‘గాటెన్’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పక్కన ‘ఇలాంటి మాట లేదు’ అని రాశారు. మార్కు పోయింది. దాని బాధ మార్కు గురించి కాదు. యూట్యూబ్‌లో రోజూ వినే మాట లేనే లేదంటే ఎలా అని అడుగుతోంది. ఇది నిజంగా తప్పేనా? తప్పయితే ఎందుకు తప్పో ఎవరైనా చెప్పండి.

ద్వారకానగర్ మాస్టారు
తప్పనే దిద్దాలమ్మా. మన స్కూళ్లలో నేర్పేది బ్రిటిష్ పద్ధతి. అందులో ‘గెట్, గాట్, గాట్’ అంతే. నేను ఐఈఎల్‌టీఎస్, అంటే విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష, దానికి బ్యాచ్‌లు చెబుతాను. ఆ పరీక్షలో బ్రిటిష్, అమెరికన్ రెండు పద్ధతులూ ఒప్పుకుంటారు, కానీ ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే రాయాలి. మన పిల్లలు ఒక లైను అటు, ఒక లైను ఇటు రాస్తారు. చదివేవాళ్లకి అది తెలిసి రాసినట్టు ఉండదు.

ఇంకో సంగతి. అసలు ‘గెట్’ వాడకమే తగ్గించమని నేను చెబుతాను. ‘గాట్ ఎ జాబ్’, ‘గాట్ ఫీవర్’, ‘గాట్ డౌన్ ఎట్ మద్దిలపాలెం’, ‘గాట్ ద పాయింట్’. ఉద్యోగానికీ జ్వరానికీ బస్సు దిగడానికీ అర్థం కావడానికీ ఒకటే మాట. ‘రిసీవ్’, ‘అబ్‌టెయిన్’, ‘బికమ్’ రాయడం వస్తే రాత బాగుపడుతుంది.

మధురవాడ టెకీ
మాస్టారూ, అమెరికా వాళ్లతో రోజూ కాల్‌లో మాట్లాడేవాణ్ని కాబట్టి చెబుతున్నాను. వాళ్లకి ‘గాట్’ వేరు, ‘గాటెన్’ వేరు. ‘ఐ హావ్ గాట్ టు గో’ అంటే నేను వెళ్లి తీరాలి. ‘ఐ హావ్ గాటెన్ టు గో’ అంటే నాకు వెళ్లే అవకాశం దొరికింది. అలాగే ‘ఐ హావ్ గాట్ ఎ కార్’ అంటే నా దగ్గర కారు ఉంది, ‘ఐ హావ్ గాటెన్ ఎ కార్’ అంటే కారు సంపాదించాను. ఒకదాని బదులు ఒకటి వాడితే అర్థమే మారిపోతుంది. ఇంత తేడా చూపించే మాట లేదని పేపర్ మీద రాయడం నాకు అన్యాయంగా ఉంది.

రిటైర్డ్ లెక్చరర్
అమ్మా, ఆ మాట ఉంది. ‘హావ్’ తర్వాత వచ్చే రూపాల్లో ‘గాట్’ కంటే ముందుది అదే.

‘గెట్’ మొదట ఇంగ్లండులో పుట్టింది కాదు. తొమ్మిదో శతాబ్దంలో డెన్మార్క్, నార్వేల నుంచి ఓడల మీద వచ్చి ఇంగ్లండు ఉత్తరాన, తూర్పున స్థిరపడ్డవాళ్ల భాషలోది. వాళ్లు ‘గెటా’ అనేవారు. సంపాదించడం, దొరకడం అని అర్థం. 1200 ప్రాంతానికి ఇంగ్లీషు రాతలోకి వచ్చింది. ఇంగ్లీషువాళ్లకి దీని చుట్టం ఒకటి ముందే ఉంది గానీ, అది ఒంటరిగా నిలిచేది కాదు. ‘ఫర్‌గెట్’, ‘బిగెట్’ లాంటి మాటల్లో అతుక్కుని ఉండేది. అక్కడ కూడా ‘గ’ని ‘య’లా పలికేవారు. ఇవాళ మనం ‘ఫర్‌గెట్’లో గట్టిగా ‘గ’ పలుకుతున్నామంటే ఆ ఓడలవాళ్ల ప్రభావమే. ‘టేక్’, ‘దే’, ‘ఎగ్’ కూడా వాళ్లతో వచ్చినవే.

‘ఎగ్’ గురించి ఒక ముచ్చట చెప్పాలి. ఇంగ్లండులో మొదట అచ్చుయంత్రం పెట్టిన కాక్స్‌టన్ 1490లో ఒక ముందుమాటలో రాశాడు. థేమ్స్‌లో ఓడ ఎక్కిన వర్తకులు గాలి లేక ఆగిపోయి ఒడ్డుకు దిగారు. ఒకాయన ఒక ఇంట్లో ‘ఎగ్స్’ అడిగితే, ఆ ఇల్లాలు నాకు ఫ్రెంచి రాదంది. ఇంకొకాయన ‘ఐరెన్’ అన్నాక గానీ ఆమెకి గుడ్లని తెలియలేదు. ఇద్దరూ ఇంగ్లీషే మాట్లాడారు. ఏది రాయాలో తెలియడం లేదని కాక్స్‌టన్ వాపోయాడు.

ఇప్పుడు ‘గాటెన్’ సంగతి. ‘ఫర్‌గెట్, ఫర్‌గాట్, ఫర్‌గాటెన్’ అని పిల్లల చేత మనమే బట్టీ పట్టిస్తాం కదా, ఇదీ అదే వరస. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఆదికాండం నాలుగో అధ్యాయంలో, కయీను పుట్టినప్పుడు హవ్వ అన్న మాట ‘ఐ హావ్ గాటెన్’ అనే ఉంది. ఇంగ్లీషువాళ్లు అమెరికాలో కాపురాలు పెట్టింది కూడా ఆ రోజుల్లోనే. మాట వాళ్ల వెంట వెళ్లి అక్కడ నిలిచింది. ఇంగ్లండులో మాత్రం క్రమంగా అరిగిపోయి ‘గాట్’ మిగిలింది. కాబట్టి అమెరికావాళ్లు ఇంగ్లీషుని పాడుచేసి ‘గాటెన్’ పుట్టించారన్నది చరిత్రకి నిలవదు.

ద్వారకానగర్ మాస్టారు
లెక్చరర్ గారూ, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ అదే బైబిల్లో ‘యు’కి బదులు ‘దౌ’, ‘హాజ్’కి బదులు ‘హాత్’ కూడా ఉన్నాయి. రేపు ఒక పిల్లవాడు ‘హి హాత్’ అని రాస్తే మార్కు ఇస్తారా? పాతది కాబట్టి రైటు అనడం కుదరదు. చరిత్ర వేరు, పరీక్ష వేరు.

రిటైర్డ్ లెక్చరర్
‘హాత్’ ఇవాళ ఎవరూ మాట్లాడరు. ‘గాటెన్’ ముప్ఫై కోట్లకు పైగా జనం ఉన్న దేశంలో చదువుకున్నవాళ్లు ఈ రోజు మాట్లాడుతున్నారు, రాస్తున్నారు. నేను చూసేది వాడుకని. వయసు గురించి చెప్పింది, అది కొత్తగా పుట్టిన తప్పు కాదని చూపడానికే.

మీరు ‘రిసీవ్’, ‘అబ్‌టెయిన్’ మెరుగన్నారు. అవి 1066లో నార్మన్లు ఇంగ్లండు గెలిచాక ఫ్రెంచి దారిన వచ్చిన మాటలు. కోర్టుల్లో, కచేరీల్లో తిరిగినవి కాబట్టి ఇప్పటికీ దర్జాగా వినిపిస్తాయి. అర్జీలో రాయమనండి, ఒప్పుకుంటాను. స్నేహితురాలికి రాసే ఉత్తరంలో కూడా అవే రాయిస్తే ఆ పిల్ల ఇంగ్లీషు ఎప్పటికీ బిగుసుకునే ఉంటుంది.

ఈ గొడవ మన విశాఖపట్నంలో తెలుగు విషయంలో జరిగిందే. 1907 ప్రాంతంలో ఈ జిల్లాల్లో స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఉన్న యేట్స్, జనం మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకాల్లో తెలుగు ఇంకొకటీ ఎందుకయ్యాయని అడిగాడు. ఇక్కడి ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు, గురజాడ ఆ ప్రశ్నని వదల్లేదు. వాడుక మాట పాఠంలో రాస్తే తప్పని అప్పటి పండితులు గట్టిగానే వాదించారు. వాళ్లు తప్పన్న తెలుగులోనే ఇవాళ మనం రాసుకుంటున్నాం.

గాజువాక నాన్న
ఏటండీ, అందరూ పెద్ద పెద్ద మాటలు చెబుతున్నారు. మా గుంటడు సర్కారు బడిలో చదువుతున్నాడు. ఇంట్లో ఇంగ్లీషు చెప్పేవాళ్లు లేరు. ‘గెట్, గాట్, గాట్’ అని రాసుకుని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇదీ రైటే, అదీ రైటే, అక్కడ ఒకలా ఇక్కడ ఒకలా అంటే వాడికి టెన్షన్. యూట్యూబ్‌లో అమెరికా ఇంగ్లీషు వినే పిల్లలకి రెండూ వస్తాయి. మా వాళ్లకి ఒక్కటి తిన్నగా వస్తే చాలు. మాస్టారు అన్నట్టు ఒకే పద్ధతి ఉండాలి.

మధురవాడ టెకీ
మీ అబ్బాయి రాసిన ‘గాట్’ తప్పని ఇక్కడ ఎవరూ అనలేదండీ. అది నిక్షేపంగా రైటు. రెండోది రాసిన పిల్లకి శిక్ష ఎందుకన్నదే ప్రశ్న.

గాజువాక నాన్న
రెండూ రైటని క్లాసులో చెబితే రెండూ నేర్చుకోవాలి కదండీ. ఆ భారం ఎవరి మీద పడుతుందో చూడండి.

రిటైర్డ్ లెక్చరర్
మీరు చెప్పింది నిజమైన ఇబ్బంది. అందుకే క్లాసులో ‘గాట్’ ఒక్కటే నేర్పమంటాను. నేర్పడం ఒకటి నేర్పండి. పిల్ల తనంతట తాను రెండోది రాస్తే ‘మన పద్ధతిలో గాట్ అంటాం’ అని పక్కన రాయండి. ‘ఇలాంటి మాట లేదు’ అని మాత్రం రాయకూడదు. అది అబద్ధం. టీచర్ రాసింది పిల్లలు నమ్ముతారు.

సీతమ్మధార అమ్మ
అందరికీ థాంక్స్. సోమవారం స్కూలుకి వెళ్తున్నాను. మార్కు అడగను. లెక్చరర్ గారు చెప్పిన ఆ ఒక్క వాక్యం పేపర్ మీద మార్చి రాయమని అడుగుతాను.

ద్వారకానగర్ మాస్టారు
అడగండమ్మా, అందులో తప్పు లేదు. నా బ్యాచ్‌లో కూడా ఇకమీదట ‘అమెరికాలో చెల్లుతుంది’ అని పక్కన రాస్తాను. మార్కు మాత్రం ఇవ్వను.

మధురవాడ టెకీ
పేపరంతా అమెరికన్ పద్ధతిలోనే రాసిన పిల్లకి కూడానా? ఐఈఎల్‌టీఎస్‌లో ఒప్పుకుంటారని మీరే చెప్పారు కదా మాస్టారూ.