శరణార్థుల కమ్యూనిటీ సెంటర్‌కు నిధులు: క్రౌడ్‌ఫండింగ్ ముందా, గ్రాంట్ ముందా?

ప్రశ్న

నమస్కారమండీ. శరణార్థి కుటుంబాల కోసం ఒక కమ్యూనిటీ సెంటర్ తెరవాలనుకుంటున్నాం. ఒక హాలు, రెండు గదులు. భాషా తరగతులు, దరఖాస్తులు నింపడంలో సాయం, తల్లులు చదువుకునేటప్పుడు పిల్లల్ని చూసుకునే చోటు. సంస్థ రిజిస్ట్రేషన్ ఇంకా చేతికి రాలేదు. ఆన్‌లైన్‌లో విరాళాల పేజీ పెడదామని కొందరు, నేరుగా పెద్ద గ్రాంట్‌కే రాద్దామని కొందరు. ఏది ముందు? ఎంత చేతికొచ్చాక అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టొచ్చు?

జవాబు 1

రెండూ తర్వాత సంగతండీ. ముందు ఖర్చును కాగితం మీద రెండుగా విడదీయండి. ఒక్కసారి పెట్టేది: అడ్వాన్సు, మరమ్మతులు, బల్లలు, కంప్యూటర్లు, గుమ్మం దగ్గర ర్యాంపు. నెలనెలా పోయేది: అద్దె, కరెంటు, ఇంటర్నెట్, బీమా, కనీసం ఒకరి జీతం, దుబాసీల రుసుము, వచ్చేవాళ్ళ బస్సు ఛార్జీలు. మొదటి రకానికి దాతలు దొరుకుతారు. కుర్చీ వెనక పేరు రాయించుకోవాలనుకునేవాళ్ళకు ఎప్పుడూ కొదవ లేదు. కరెంటు బిల్లు మీద పేరు వేయించుకుంటానని మాత్రం ఎవరూ రారు. సెంటర్ మూతపడేది ఆ రెండో జాబితా వల్లే, అదీ మొదటి గ్రాంట్ అయిపోయిన నెలలో.

దుబాసీల ఖర్చు బడ్జెట్లో తరచూ మరిచిపోతారు. రెండు భాషలూ వచ్చిన కుర్రాడు ఉచితంగా చేస్తాడులే అనుకుంటారు. తరగతిలో అది సరిపోతుంది. ఆశ్రయం దరఖాస్తులో, ఆసుపత్రి కాగితాల్లో మాత్రం ఒక తేదీ తప్పుగా తర్జుమా అయితే తర్వాత వాంగ్మూలంతో పొంతన కుదరదు, ఆ మనిషి మాటనే నమ్మరు. ఈ పనులకు శిక్షణ పొందినవాళ్ళే కావాలి, వాళ్ళకు గంటల లెక్కన చెల్లించాలి. మొత్తం మీద నూటికి పది అనుకోని ఖర్చుల కింద కలపండి.

అద్దె సంగతికొస్తే, మూడు నెలల ఖర్చు బ్యాంకులో, ఆపై ఆరు నెలలకు రాతపూర్వక హామీలు. ఇవి లేకుండా సంతకం పెట్టకండి. "ఇస్తాంలెండి" అన్నది హామీ కాదు. ఒప్పందంలో ముందస్తు నోటీసుతో ఖాళీ చేసే వెసులుబాటు రాయించుకోండి. ఆ భవనంలో తరగతులు, సమావేశాలు పెట్టడానికి అనుమతి ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే మరమ్మతులకు పెట్టిందంతా గోడల పాలే.

రిజిస్ట్రేషన్ వచ్చేదాకా, ఇదే పనిలో ఉన్న రిజిస్టరైన సంస్థ గొడుగు కింద డబ్బు తీసుకునే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. నిర్వహణకని వాళ్ళు కొంత శాతం పట్టుకుంటారు, సాధారణంగా నూటికి 5 నుంచి 10. ఎవరి సంతకంతో డబ్బు బయటికొస్తుంది, విడిపోతే మిగిలింది ఎవరిది, ఈ రెండూ ముందే రాసుకోండి. సభ్యుల్లో ఎవరి సొంత ఖాతాలోకీ ఒక్క పైసా రానివ్వకండి, రెండు రోజులకైనా సరే.

జవాబు 2

పై మాటకు చేర్పు. పేజీ పెట్టగానే జనం వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు. సున్నా దగ్గర నిలిచిన పేజీ చూసి తొలి విరాళం వేసేవాళ్ళు అరుదు. అందుకే పేజీ తెరిచేముందే లక్ష్యంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా తెలిసినవాళ్ళను విడివిడిగా అడిగి ఒప్పించుకోండి, మొదటి రెండు రోజుల్లో వాళ్ళచేత వేయించండి. మధ్య వారాల్లో ఎలాగూ చల్లబడుతుంది. అప్పటికోసం ఒక కొత్త కబురు దాచుకోండి: "ఈ వారం వచ్చే ప్రతి విరాళానికీ అంతే మొత్తం కలుపుతాం" అని ముందుకొచ్చిన దాత ఉంటే ఆ కబురు అక్కడ వాడాలి. దాత నిజంగా ఉంటేనే సుమా. లక్ష్యం చేరకపోతే డబ్బంతా వెనక్కి పోయే పేజీలూ ఉన్నాయి, వచ్చినంత మీకే ఇచ్చేవీ ఉన్నాయి, ఏదో చూసుకోండి. రుసుములు పోగా మిగిలేదాన్నే లెక్కలో వేసుకోండి. ఆ సొమ్ము బ్యాంకులో పడటానికీ రోజులు పడుతుంది.

అసలు సొమ్ము పేజీలో కాదు, పేర్ల జాబితాలో ఉంటుంది. లక్ష్యం 100 పాళ్ళనుకోండి. 20 పాళ్ళిచ్చేవారు ఒకరు, పదేసి ఇచ్చేవారు ఇద్దరు, ఐదేసి నలుగురు, రెండేసి పదిమంది. అక్కడికి 80 అయింది. మిగతా 20 చిన్న చందాలు. పైన లెక్కపెట్టింది 17 మందిని. ఒక్కరు ఒప్పుకోవాలంటే ముగ్గురు నలుగురిని అడగాలి కాబట్టి 50 నుంచి 70 పేర్లు రాయాలి, ఒక్కో పేరు ఎదురుగా ఎవరు వెళ్ళి అడుగుతారో కూడా రాయాలి. రాయడానికి పదిహేను పేర్లు కూడా లేవంటే లక్ష్యం తగ్గించాల్సిందే.

అడిగినవారు

చాలా ఉపయోగపడిందండీ. పేజీ కోసం కుటుంబాల ఫొటోలు తీశాం. ముఖాలు మసకచేస్తే సరిపోతుందా?

జవాబు 3

సరిపోదండీ. ముఖం మసకేసినా బడి యూనిఫాం, కిటికీలోంచి కనిపించే వీధి, చేతి మీది పచ్చబొట్టు మనిషిని పట్టిస్తాయి. ఫోన్‌తో తీసిన ఫొటో ఫైల్లో తీసిన చోటు కూడా నమోదై ఉండొచ్చు. స్వదేశంలో ఉన్న బంధువులకు దానివల్ల ముప్పు రావచ్చు, విచారణలో ఉన్న కేసుకూ చిక్కే. సమ్మతి పత్రం ఉందిగా అంటారేమో. సరుకులు పంచే మనిషే పత్రం చాస్తే వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? సాయంతో సంబంధం లేని వ్యక్తి, వాళ్ళ భాషలో, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని చెప్పి అడగాలి. అసలు మనుషుల ఫొటో లేకుండానే పేజీ నడుస్తుంది: వారం టైంటేబుల్ అతికించిన గోడ, నల్లబల్ల మీద సగం చెరిపిన అక్షరాలు, చిన్న కుర్చీల వరుస. కింద "దుబాసీతో సహా ఒక గంట తరగతికి ఇంత" అని రాస్తే దేనికిస్తున్నారో దాతకు అర్థమవుతుంది.

జవాబు 1

గ్రాంట్ల గురించి. ప్రకటనలో మొదట వెతకాల్సింది డబ్బు ముందిస్తారా, ఖర్చు చేశాక తిరిగిస్తారా అన్నది. రెండో రకం చిన్న సంస్థకు ఉరితాడు. జీతాలు మీరిస్తారు, బిల్లులు పంపుతారు, నెలల తర్వాత డబ్బొస్తుంది. ఈలోగా ఖాతా ఖాళీ. అడ్వాన్సుగా కొంత ఇస్తారా అని దరఖాస్తుకు ముందే అడగండి.

రెండోది "శరణార్థి" అన్న మాట. శరణార్థి ఎవరో చెప్పే అంతర్జాతీయ ఒప్పందమైన 1951 ఐరాస శరణార్థుల ఒడంబడిక నిర్వచనానికి, దాని కాలపరిమితిని, ప్రాంత పరిమితిని తీసేసిన 1967 ప్రోటోకాల్‌కు కట్టుబడి గుర్తింపు పొందినవాళ్ళకే ఖర్చు పెట్టాలనే గ్రాంట్లు ఉంటాయి. ఆశ్రయం కోరి నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఆ లెక్కలోకి రాకపోవచ్చు. మీ తరగతిలో మాత్రం ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. హాజరు పట్టీలో ఏ వర్గం ఎంతమందో సంఖ్యలు చాలు, పేర్లు నిధులిచ్చేవాళ్ళకు వెళ్ళనవసరం లేదు.

ఒక పనికని వచ్చిన డబ్బు ఆ పనికే. ఖాతా పుస్తకంలో ప్రతి గ్రాంట్‌కూ వేరే నిలువు వరుస పెట్టండి. కంప్యూటర్ల డబ్బుతో ఈ నెల అద్దె కట్టి వచ్చే నెల సర్దేద్దామన్న ఆలోచన ఆడిట్లో బయటపడుతుంది, తిరిగి కట్టమంటారు. అందుకే ప్రతి దరఖాస్తులోనూ అద్దె, లెక్కల పని, ఆడిట్ ఖర్చులో ఈ కార్యక్రమం వాటా ఎంతో వేసి అడగండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు.

జవాబు 4

జూన్ 20న ప్రపంచ శరణార్థుల దినం (ఐరాస 2000లో నిర్ణయించింది, 2001 నుంచి జరుపుతున్నారు). ఆ రోజే పెద్ద విందు పెట్టి విరాళాలు అడగొచ్చు కదండీ?

జవాబు 2

నా మాట వేరండీ. ఆ రోజు పెద్ద సంస్థలన్నీ అడుగుతాయి, మీ గొంతు వినపడదు. తలుపులు తెరిచి అందరినీ రానివ్వండి, వచ్చినవాళ్ళ వివరాలు వాళ్ళ ఇష్టంతో రాసుకోండి, నెలవారీ చందా రెండు వారాల తర్వాత అడగండి. విందు పెట్టినా ఖర్చు రాబడిలో మూడో వంతు దాటితే అది నిధుల సేకరణ కాదు, వేడుక. నెలవారీ దాతలే అద్దెకు ఆధారం. కార్డు గడువు తీరి ఆగిపోయే చందాలను ప్రతి నెలా ఒకరు చూసి, మర్యాదగా ఒక సందేశం పంపాలి.

జవాబు 4

సరే, ఒప్పుకుంటాను. పాత బట్టలు, పాత కంప్యూటర్లు ఇస్తామంటే?

జవాబు 2

కావాల్సినవి మాత్రమే జాబితా కట్టి బయటపెట్టండి. మిగతావి వద్దనండి. మూటలు దాచడానికి ఒక గది పోతుంది, ఏరడానికి మనుషులు పోతారు, చివరికి పారేసే ఖర్చు మీదే.

అడిగినవారు

ఇంకొక్కటి. విదేశంలోని ఒక దాత పంపిన డబ్బు రెండు వారాలుగా బ్యాంకులో ఆగింది. కారణం చెప్పట్లేదు.

జవాబు 1

బదిలీ వివరణలో ఏం రాశారో కనుక్కోండి. ఆంక్షలున్న దేశం పేరు, ఉదాహరణకు "ఇరాన్ కుటుంబాలకు" అని రాసి ఉంటే బ్యాంకు వడపోతలో చిక్కుకుని ఉండొచ్చు. విరాళం పత్రం, మీ సంస్థ పత్రాలు, ఖర్చు ప్రణాళిక కలిపి బ్యాంకుకు ఇవ్వండి. ఇకముందు సంస్థ పేరు, రశీదు సంఖ్య, "విరాళం" అంటే చాలు. అడిగితే మాత్రం దేనికో దాచకుండా చెప్పాలి. విదేశీ విరాళాలకు కొన్ని దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి. అది లేకపోతే ఆ డబ్బు ముట్టకుండా ముందు లాయర్ని కలవండి.