వెనుక స్పీకర్లకు గోడలో వేసే వైరు ఎంత మందం ఉండాలి?

ప్రశ్న:
మా కొత్త ఇంట్లో ప్లాస్టరింగ్ మొదలయ్యేలోగా హాలులో 5.1 హోమ్ థియేటర్‌కు (ఐదు స్పీకర్లు, లోతైన ధ్వనులకు ఒక సబ్‌వూఫర్) కండ్యూట్ పైపులు వేయించాలి. ముందరి స్పీకర్లు 6 ఓములవి, వాటికి 4 మీటర్ల వైరు చాలు. వెనుక స్పీకర్లు 8 ఓములవి; గోడ వెంట పైకి ఎక్కి, సీలింగ్ మీదుగా తిరిగి దిగేసరికి ఒక్కొక్క దానికి 16 మీటర్లు పడుతుంది. ఎలక్ట్రీషియన్ 1 చదరపు మి.మీ. వైరు చాలంటున్నారు, దుకాణంలోనేమో 4 కంటే తక్కువ వద్దంటున్నారు. ఈ లెక్క ఎలా కట్టాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
వైరు నిరోధం స్పీకర్ ఓములలో 5 శాతం దాటకుండా చూసుకోవాలన్నది చాలామంది పాటించే నియమం. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి మీ 16 మీటర్లను 32గా తీసుకోవాలి. 1 చదరపు మి.మీ. మల్టీస్ట్రాండ్ రాగి వైరుకు మీటరుకు సుమారు 0.0195 ఓములు ఉంటుంది కనుక మొత్తం 0.62 అవుతుంది, అంటే దాదాపు 8 శాతం. 1.5 వేస్తే 0.43కు తగ్గినా హద్దు కొద్దిగా దాటుతుంది. 2.5 వేస్తే 0.26, అంటే 3 శాతం పైచిలుకు. మీ వెనుక స్పీకర్లకు సరైనది ఇదే. 4 వేస్తే 2 శాతానికి దిగుతుంది గానీ ఆ తేడా చెవికి తెలియదు, పైగా అంత లావు వైరు చాలా రిసీవర్ల (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్ పెట్టెల) టెర్మినళ్లలో పట్టదు. ముందరి స్పీకర్లకు 1.5 చాలు, అక్కడ నిరోధం 2 శాతం కూడా ఉండదు.

సన్న వైరుతో శబ్దం తగ్గడం పెద్ద సమస్య కాదు, దాన్ని రిసీవర్‌లో సరిచేసుకోవచ్చు. 8 ఓములని రాసి ఉన్న స్పీకర్ నిరోధం కొన్ని పౌనఃపున్యాల దగ్గర చాలా పెరిగి, మరికొన్నిటి దగ్గర బాగా పడిపోతుంది. వైరు నిరోధం ఎక్కువైతే పడిపోయిన చోట నష్టం ఎక్కువై, ధ్వని స్వభావమే కొంత మారుతుంది.

జవాబు 2:
పై లెక్క స్వచ్ఛమైన రాగికే వర్తిస్తుంది. స్పీకర్ వైరు పేరుతో చవకగా అమ్మేవాటిలో రాగి పూత వేసిన అల్యూమినియం చాలా ఉంటుంది, దాని నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు. తీగ కొసను బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది, చేతిలో తేలికగా కూడా ఉంటుంది. గేజ్‌లలో అమ్మేచోట సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి: 14 గేజ్ సుమారు 2.1 చదరపు మి.మీ., 12 గేజ్ 3.3.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంటి కరెంటు వైర్లు పోయే పైపులోనే వీటినీ వేయవచ్చా? సబ్‌వూఫర్‌కు కూడా 2.5 వైరే సరిపోతుందా?

జవాబు 1:
ఒకే పైపులో వేయవద్దు, అది భద్రతకూ మంచిది కాదు. వేరే పైపు వేయించి, కరెంటు పైపును దాటవలసిన చోట అడ్డంగా దాటించండి. సబ్‌వూఫర్‌లోనే ఆంప్లిఫయర్ ఉంటే దానికి స్పీకర్ వైరు అక్కరలేదు, రిసీవర్ నుంచి సిగ్నల్ తెచ్చే, షీల్డ్ (లోహపు కవచం) ఉన్న ఆర్‌సీఏ కేబుల్ కావాలి; కాబట్టి దాని ప్లగ్ పట్టేంత వెడల్పాటి పైపును ఇప్పుడే వేయించండి.